కాలవ అవతల తెల్ల రెక్క

మే నెలలో ఒక ఆదివారం మాస్టారి కూతురు మా ఇంటికొచ్చి, ఫోన్లో బొమ్మ విమానాల్లాంటి మూడు గ్లైడర్లు చూపించి, వీటిలో పోటీకి ఏది తీసుకోమంటారు బాబాయ్ అని అడిగింది. నా చూపు పైకి పోయింది. ఆ అమ్మాయి కూర్చున్న కుర్చీకి సరిగ్గా పైన అటక ఉంది. అటక మీద పాత దుప్పట్లో చుట్టి వాళ్ళ నాన్న గ్లైడర్ ఉంది. అది దొరికిందని వాళ్ళింట్లో ఎవరికీ తెలియదు. దొరికి రెండు నెలలైంది. మా ఆవిడ రోజూ "వాళ్ళది వాళ్ళకిచ్చెయ్యకుండా ఎందుకండీ ఆ ముసుగు" అని సతాయిస్తూనే ఉంది. ఎందుకో ఆవిడకీ చెప్పలేదు.

మాస్టారు చిలకలూరిపేటకి దగ్గర్లో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పేవారు. నేను స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్ని. పన్నెండేళ్ళ కిందట ఆయన, కాలిపోయిన బ్యాటరీ ఛార్జర్ పట్టుకుని మా మిల్లు గేటు దగ్గరికొచ్చారు. ఇది దేనికండీ అంటే, విమానానికి అన్నారు. పిచ్చాయన అనుకున్నాను. వారం తిరక్కుండా ఆయన పక్కన పొలంలో నిలబడి నేనూ ఆకాశంకేసి చూస్తున్నాను. ఆయన ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించి, ఆ తెల్లచొక్కా మార్చుకోకుండానే బండి మీద గ్లైడర్ పెట్టె కట్టుకుని వచ్చేవారు. వాళ్ళావిణ్ణి నేను వదినగారూ అనేవాణ్ణి, ఆ పిల్లకి నేను బాబాయిని. ఇంతకంటే చుట్టరికం ఏం కావాలి?

ఈ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. గ్లైడర్ అంటే బారెడు పొడవు కాదు, రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి రెండు బారలుంటుంది. ముక్కులో చిన్న మోటారు ఉంటుంది. అది పైకి తీసుకెళ్ళడానికే, అర నిమిషంలో ఆపెయ్యాలి. ఇక అక్కణ్ణుంచి నేల కాగి పైకి లేచే వేడిగాలిని వెతికి పట్టుకుని, చేతిలో రిమోట్ లాంటి రేడియోతో నడుపుతూ, పది నిమిషాలు గాల్లో ఉంచి, చెప్పిన సమయానికి చెప్పిన చోట దింపాలి. నడిపేవాడు గ్లైడర్ మీద నుంచి చూపు తియ్యకూడదు. అందుకని పక్కన ఇంకో మనిషి ఉంటాడు. వేడిగాలి జాడ తెలియడానికి గద్దలు ఎక్కడ తిరుగుతున్నాయి, జిన్నింగ్ మిల్లు దూది ఎటు లేస్తోంది, ఎన్ని నిమిషాలైంది, అన్నీ అతనే చెప్పాలి. పోటీల్లో ఆ మనిషిని కాలర్ అంటారు. మేం కాపలా అనేవాళ్ళం.

గ్లైడర్ మరీ దూరం వెళ్ళి నడిపేవాడికి ఆనకపోతే, దాన్ని కళ్ళతో పట్టుకోవాల్సింది కాపలానే. అది పడితే ఏ చెట్టుకి సూటిగా పడిందో గుర్తుపెట్టుకోవాల్సిందీ కాపలానే. కాపలా మాటకి తిరుగులేదన్న నియమం పెట్టింది నేను. ఒకసారి నా గ్లైడర్‌కి మాస్టారు కాపలా ఉండి, గూడకొంగల గుంపు వెళ్తుంటే అటు చూస్తూ ఉండిపోయారు. నా గ్లైడర్ తుమ్మచెట్టులో పడింది. నలుగురు రైతులు చూస్తుండగా ఆయన మీద ఎగిరాను. కాపలా ఉండి దిక్కులు చూస్తే ఎట్టా మాస్టారూ, ఇంటికెళ్ళి పడుకోండి అని కేకలేశాను. నాకంటే పదేళ్ళు పెద్ద, వందలమందికి చదువు చెప్పిన మనిషి. తప్పయిపోయిందయ్యా అని ఆయనే చెట్టెక్కబోయారు. నా నోటిదురుసు అలాంటిది.

మాస్టారి మొదటి గ్లైడర్ ఎర్రది. నీలం ఆకాశంలో ఎరుపు బాగా ఆనుతుందని కొన్నారు. ఎండాకాలం మొదట్లో మిరప కళ్ళాల పక్కన ఎగరేసేవాళ్ళం. ఎకరాలకెకరాలు కాయలు ఆరబోసి ఉంటే ఆ పైన లేచే వేడిగాలి ఇంకెక్కడా లేవదు. ఘాటుకి ముక్కు కారుతున్నా ఆ చోటు వదలబుద్ధయ్యేది కాదు. ఒకరోజు మధ్యాహ్నం అది చెయ్యి జారి నేరుగా కళ్ళంలో వాలింది. ఎర్రటి కాయల మీద ఎర్రటి రెక్క. పదడుగుల దూరంలో ఉన్నా కనపడలేదు. మాస్టారు కాయల మధ్య మెల్లగా అడుగులేస్తూ వెతికి వెతికి చివరికి దాని మీదే కాలేశారు. ఫెళ్ళుమంది. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. మాస్టారికి కళ్ళజోడు మార్పించండి అని నాకు చెప్పారు.

అందుకే రెండోది కొనేటప్పుడు తెల్లదే కొనాలని నేను పట్టుబట్టాను. మాస్టారు రెక్క అడుగున నీలం వేయిద్దామన్నారు. తెలుపు మబ్బులో కలిసిపోతుందేమోనయ్యా అని నసిగారు. కళ్ళంలో పడితే నీలం ఏం కనిపిస్తుంది, తెల్లదైతే మైలు దూరం నుంచి కనిపిస్తుంది అని వాదించాను. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు లేరు, అదే నా ఖర్మ. తెల్లదే వచ్చింది. మిరపకాయల్ని తలుచుకుని పత్తిని మర్చిపోయాం. కార్తీకం దాటాక మా వైపు ఎటు చూసినా తెలుపే కదా! పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి చూస్తున్న చేలు. అయినా ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

అది పోయింది జనవరి నెలాఖరులో. బెంగళూరు దగ్గర పోటీకి ఇంకా నెలన్నర ఉంది. మాస్టారు మొదటిసారి పేరిచ్చారు, ఇంటి నిండా ఆ సంబరమే. ఆ ఆదివారం పది నిమిషాల సాధన చేస్తున్నాం. మధ్యాహ్నం మూడు దాటింది, ఆకాశం సన్నటి మసకగా ఉంది. ఏడో నిమిషంలో గ్లైడర్ గాలివాటున బాగా దూరం జరిగింది. మాస్టారు కళ్ళు నులుముకుని, నాకు ఆనట్లేదయ్యా, నువ్వు పట్టుకో అన్నారు. పట్టుకున్నా అన్నాను.

పట్టుకోలేదు. నా చేతిలో ఫోనుంది. క్రికెట్ మ్యాచ్ చివరి ఓవర్. ఒక్క బంతి చూసి తలెత్తుదామనుకున్నాను. ఒక్క బంతే. తలెత్తేసరికి ఆకాశంలో రెండు గద్దలున్నాయి, ఇంకేం లేదు. మాస్టారు రేడియో పుల్లలు అటూ ఇటూ కదుపుతూ ఎటు, ఎటు అని అడుగుతున్నారు. చూడలేదు మాస్టారూ అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ తుమ్మచెట్టు దగ్గర ఆయన మీద వేసిన కేకలు నా గొంతులోనే అడ్డం పడ్డాయి. చెయ్యి చాపి వేలు చూపించాను.

"అదుగో, ఆ వేపచెట్టుకీ మోటారు కొట్టానికీ మధ్యలో. నిట్టనిలువునా దిగింది మాస్టారూ."

నిట్టనిలువునా అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. అబద్ధానికి అంత అలంకారం అవసరమా?

వెళ్ళాం. ఛాతీ ఎత్తు పత్తి. కూలి గిట్టుబాటు కాదని ఆ చుట్టుపక్కల చాలా చేలల్లో చివరి తీత వదిలేశారు. చెట్టుచెట్టునా తెల్లటి గుత్తులు వేలాడుతున్నాయి. ఎక్కడ తెల్లగా కనిపించినా మాస్టారు అదేమో అని గబగబా వెళ్ళేవారు. గ్లైడర్ పొట్టలో చిన్న బజర్ ఉంటుంది. చేతిలో రేడియో ఆపేస్తే అది కీచుకీచుమని మోగుతుంది, లోపలి బ్యాటరీ ఉన్నంతసేపే, రెండు మూడు గంటలు. మాస్టారు రేడియో ఆపి, చెవి పక్కన చెయ్యి పెట్టుకుని, వినపడుతోందా అని నన్నడిగారు. నేనూ చెవి పక్కన చెయ్యి పెట్టుకున్నాను. లేదు మాస్టారూ అన్నాను. ఆ ఒక్కటీ నిజమే చెప్పాను. అక్కడ అది లేదు కాబట్టి వినపడలేదు. నేను చూడలేదని ఒప్పుకుని ఉంటే నాలుగు వైపులా తిరిగేవాళ్ళం. ఆ సాయంత్రమే ఎక్కడో ఒకచోట వినపడేది.

నాలుగు ఆదివారాలు వెతికాం. మాస్టారు నోటుపుస్తకంలో చేను బొమ్మ గీసి, వెతికిన సాళ్ళు కొట్టేసుకుంటూ వచ్చేవారు. ఆయన ఒక సాలు, పక్కనే నేనొక సాలు. లేనిదాన్ని వెతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొక్కలు పక్కకి తోసి చూస్తున్నట్టు నటించాలి. వంగి కిందకి చూడాలి. నిట్టూర్చాలి. అన్నీ చేశాను. చేను కౌలుదారు మొత్తం తొక్కేస్తన్నారు మాస్టారూ అని విసుక్కుంటే, ఆయన తరఫున నేనే వాడితో గొడవేసుకున్నాను, సిగ్గులేకుండా.

మూడో వారం గట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ మాస్టారు మెల్లగా అడిగారు.

"నువ్వు కచ్చితంగా చూశావు గదయ్యా?"

"నా కళ్ళతో చూశాను మాస్టారూ."

"అయితే ఇక్కడే ఉంటుందిలే. నేనే సరిగ్గా వెతకట్లేదు."

లేచి మళ్ళీ మొదటి సాలు నుంచి మొదలుపెట్టారు.

నాలుగో ఆదివారం తర్వాత సోమవారం పొద్దున స్కూలుకి బయల్దేరుతూ, బూట్లు తొడుక్కుంటూ పడిపోయారు. గుండె. ఎప్పుడైనా వచ్చేదేనండీ, దేనివల్లా కాదు అని డాక్టరు నాకు విడమరిచి చెప్పాడు. నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పాడు. నమ్మాలనే ఉంది. కానీ నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి వదినగారు ఆయన ప్యాంటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ముందురోజు చేలో వేసుకున్నది. మోకాళ్ళ కింద మొత్తం ఉత్తరేణి గింజలు అంటుకుని ఉన్నాయి. ఆవిడ ఏడవట్లేదు. ఒక్కో గింజా పీకి పేపరు మీద పెడుతున్నారు. నన్ను చూసి, ఇవి ఉతికినా పోవు బాబూ, చేత్తో తియ్యాల్సిందే అన్నారు. అప్పటికి నా ప్యాంటుకీ ఆ చేలోవే గింజలున్నాయి. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నేను గోడ పక్కన నిలబడ్డాను. దగ్గరికి వెళ్ళలేకపోయాను.

ఆ తర్వాత నుంచి నన్ను పట్టి పీడించింది మాస్టారు కాదు, ఆ బజర్. నేను వినని చప్పుడు. మిల్లులో దారం తెగితే ఫ్రేములు కీచుమంటాయి, పనాపి చెవి ఒగ్గేవాణ్ణి. జిన్నింగ్ మిల్లుల ముందు లారీలు వెనక్కి వస్తూ మోగుతుంటే బండాపి చూసేవాణ్ణి. హైవే పక్కన సర్కారు తుమ్మకి పత్తి లారీల నుంచి రాలిన దూది అంటుకుని ఉంటుంది కదా, అది కదిలితే చాలు, రెక్కేమో అని మెడ అటు తిరిగేది. ఒకరోజు మధ్యాహ్నం ఎండలో నేనొక్కణ్ణే ఆ వేపచెట్టు దగ్గరికి వెళ్ళి చెవి పక్కన చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయిందని ఎలక్ట్రీషియన్ని, నాకు తెలియదా? అయినా వినపడింది. సన్నగా, నా వెనక కాలవ వైపు నుంచి. దణ్ణం పెట్టి వచ్చేశాను. భయమేసింది, అంతే.

మార్చి చివర్లో ఫోనొచ్చింది. పత్తికట్టె పీకుతుంటే మీ విమానం దొరికిందండీ అన్నాడు ఎవరో రైతు. గ్లైడర్ పొట్ట మీద మాస్టారు తన చేత్తో ఒక కాగితం అంటించారు. యజమాని అని రాసి ఆయన నంబరు, కాపలా అని రాసి నా నంబరు. పై నంబరు స్విచాఫ్ వస్తే నాకు చేశాడట. వెళ్ళాను. కాలవ అవతల. నేను వేలు చూపించిన చోటుకి పూర్తిగా ఎదురు దిక్కు. ముక్కు నేలలో గుచ్చుకుని, రెక్క సాలు వెంట పడుకుని ఉంది. రెక్కకి చిన్న గీత కూడా లేదు. లోపల చీమలు పుట్ట పెట్టాయి.

ఆ రైతు భార్య కట్టె మోపు దించి చెప్పింది. "ఆ రోజు సాయంత్రం ఇక్కడేదో పిట్ట కీచుకీచుమంటా ఉందయ్యా. పొద్దుగూకిందాకా అరిచింది. పిల్లల్ని పోగొట్టుకుందేమో అనుకున్నాం. మీరేమో అవతలెక్కడో తిరుగుతున్నారు."

తెచ్చి అటక మీద పెట్టాను. వాళ్ళకిస్తే ఎక్కడ దొరికిందని అడుగుతారు. అదీ సంగతి.

ఇప్పుడా మాస్టారి కూతురు నా ముందు కూర్చుని మూడు గ్లైడర్లు చూపిస్తోంది. ఇంజనీరింగ్ అయిపోయి ఒంగోలులో ఉద్యోగం చేస్తోంది. నాన్న పేరిచ్చి వెళ్ళలేకపోయిన పోటీకి వచ్చే ఏడు తను వెళ్తుందట. కాపలాకి మీరే రావాలి బాబాయ్, ఇంకెవర్నీ నమ్మను అంది. నేను మాట మార్చి గ్లైడర్ల సంగతి ఎత్తుకున్నాను. వాటి మంచిచెడ్డలు ఎంచే మాటైతే నాకు కష్టం కాదు. మొదటిది బాగా తేలిక, పొద్దున గాలి లేనప్పుడు కాగితంలా తేలుతుంది, కానీ మధ్యాహ్నం గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. రెండోది బరువు. గాలికి ఎదురు వెళ్తుంది, గాలి చచ్చినప్పుడు మాత్రం రాయి. మూడోది మధ్యరకం, లోపల బరువులు పెట్టుకోడానికి, తీసుకోడానికి గొట్టం ఉంది. పొట్ట గట్టిది. మన నల్లరేగడి నెర్రెల్లో, పత్తి మోళ్ళ మీద దింపాలంటే పొట్ట గట్టిగా ఉండాలమ్మా, వీడియోలు చేసేవాళ్ళు పచ్చగడ్డి మీద దింపి గొప్పలు చెబుతారు అన్నాను. రెక్క మూడు ముక్కలుగా విడిపోవాలి, లేకపోతే బస్సులో కండక్టరు ఎక్కించుకోడు. మూడోదే తీసుకో అన్నాను.

రంగు దగ్గర ఆగాం. ఎరుపు మిరపలో కలిసిపోతుంది. తెలుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆకుపచ్చ కుదరదు. పసుపేద్దామంటే జనుము పూత రోజులొస్తాయి. నారింజ, నలుపు, ఊదా, ఒక్కో పంట పేరు చెప్పి ఒక్కో రంగూ కొట్టేస్తూ వచ్చాను. చాలాసేపు వాగాను. చివరికి ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి నవ్వింది.

"రంగు ఏదైతే ఏంటి బాబాయ్, కాపలా ఉన్నవాళ్ళు చూస్తూ ఉంటే చాలదా? నాన్నకి మీరున్నారనే కదా ధైర్యం."

నేను లేచి స్టూలేసుకుని అటక మీద దుప్పటి మూట దింపాను. విప్పాను. ఆ అమ్మాయి కాగితం మీద వాళ్ళ నాన్న చేతిరాత వేలితో తడిమింది. అంతా చెప్పాను. ఫోను, బంతి, వేపచెట్టు, నిట్టనిలువునా అన్న మాట, చెవి పక్కన చెయ్యి. కాలవ అవతల పిట్ట సంగతి కూడా. ఏదీ దాచలేదు. వంటింటి గుమ్మంలో మా ఆవిడ నిలబడిపోయింది.

ఆ పిల్ల అరిచినా, నాలుగు తిట్టినా బాగుండేది.

"నాలుగు వారాలు మీరూ పక్కనే వెతికారు కదా?" అని అడిగింది.

వెతికానమ్మా అన్నాను.

తలూపింది. గ్లైడర్‌ని మళ్ళీ దుప్పట్లో చుట్టి, రెక్కలు విరగకుండా రెండు చేతులతో ఎత్తుకుని, మా ఆవిడకి వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోయింది. నాకు చెప్పలేదు.

అయిదారు నెలలు ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు, ఏ మొహంతో చేస్తాను? నవంబరులో ఒక శనివారం మెసేజ్ వచ్చింది. మూడోదే కొన్నాను, రేపు సాధన, రావాలనుంటే రండి. అంతే. ఆ ఆదివారం ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళాను. చుట్టూ చేలు మళ్ళీ తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. కొత్త గ్లైడర్ రెక్క పైన నారింజ, అడుగున నీలం. మాస్టారు అడిగిన నీలం. పక్కన వదినగారు నిలబడి ఉన్నారు, చర్చి నుంచి వచ్చిన చీరలోనే, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ అమ్మాయి నా వైపు చూసి, "కాపలాకి అమ్మని పెట్టుకున్నాను బాబాయ్" అంది. కోపంగా కాదు. చెప్పాలి కాబట్టి చెప్పింది.

మంచిదమ్మా అని నేను బండి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. గ్లైడర్ లేచింది. జిన్నింగ్ మిల్లు వైపు దూది తిరుగుతోందని వదినగారు చెప్పారు, పిల్ల అటు తిప్పింది, వేడిగాలి అందుకుంది. బాగా నడుపుతోంది, వాళ్ళ నాన్న కంటే బాగా. తొమ్మిదో నిమిషంలో అది దూరం జరిగి జరిగి కాలవ దాటింది. అమ్మా ఆనట్లేదు అంది. వదినగారు రెప్ప వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. తుడుచుకుంటే ఆ క్షణంలో పోతుందని భయం.

కాలవ అవతల, విరిగిన కరెంటు స్తంభానికి సూటిగా, ఇటు నుంచి మూడో గట్టు మీద దిగింది. నేను చూశాను. నా రెండు కళ్ళతో చూశాను. ఈసారి నిజంగా చూశాను.

వదినగారు చెయ్యి చాపి అటే చూపించారు. ఆ అమ్మాయి వాళ్ళమ్మ వేలు వెంట పత్తి సాళ్ళ మధ్యకి నడిచి వెళ్ళింది. ఎక్కడ పడిందని నన్ను ఎవరూ అడగలేదు.